బొటనవేలి మాట

సత్తిరాజు గారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాకినాడ రేవులోనే చేశారు. రిటైరయ్యాక సముద్రం మొహం చూడటం మానేసి, ఇంట్లో టీవీ ముందు పడక్కుర్చీ వేసుకుని వీడియో గేములో చేపలు పట్టడం మొదలుపెట్టారు. నీచు వాసన ఉండదు, భార్య గొణగదు, ఎంత పెద్ద చేప పడ్డా కోసి పంచే పని లేదు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున్నే హైమ రిపేరు దుకాణం మెట్లెక్కి, తన కంట్రోలర్‌ని పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించారు.

“మీరు బాగుచేసిచ్చిన రిమోటేనండి. బాగుందండి. అసలు చాలా బాగుందండి. ఒక్కటేనండి...” అని నసిగారు.

“మళ్ళీ దానంతటదే ఓ పక్కకి పోతోందా అండి?” అంది హైమ.

“పోదండి. అదే చిత్రం. పెద్ద చేప తగిలినప్పుడు దారం తెగకుండా మెల్లగా ఎడం పక్కకి తోసి పట్టుకోవాలండి, చేప అలిసిపోయేదాకా. అలా పట్టుకున్న కాసేపటికి నేను తోస్తున్నా రిమోటు లెక్కచెయ్యట్లేదండి. సరే పొమ్మని వేలు తీసేస్తే, పడవ ఎదురు పక్కకి పోతందండి. నేను ఎడం అంటే అది కుడి అంటందండి.”

హైమకు నవ్వొచ్చింది. “మీరు మరీ మెల్లగా తోస్తున్నారేమో సత్తిరాజు గారూ. ఆడేవాళ్ళెవరూ అంత మెల్లగా తొయ్యరండి.”

“మెల్లగా కాక ఏం చెయ్యమంటారండి? గట్టిగా లాగితే తెగిపోద్ది కదండి,” అన్నారాయన, చేప దారం ఇంకా చేతిలో ఉన్నట్టే వేళ్ళు పట్టి. సాయంత్రానికి చూసి పెడతానని హైమ ఆయన్ని సాగనంపింది.

ఆమె దుకాణం బతుకుతున్నదే కంట్రోలర్లకు వచ్చే ఈ జబ్బు మీద. బొటనవేలితో తిప్పే స్టిక్ కింద నల్లటి పూత ఒకటి ఉంటుంది. స్టిక్ కదిలినప్పుడల్లా చిన్న లోహపు నాలుక ఆ పూత మీద జారుతూ ఎటు తోశారో ఆటకు చెబుతుంది. జారి జారి పూత అరిగిపోతే, వేలు తీసేసినా ఇంకా తోస్తున్నట్టే కబురు పోతుంది. ఆటలో మనిషి ఎవరూ నడపకుండానే వెళ్ళి గోడకు గుద్దుకుంటాడు. కుర్రాళ్ళు దీన్ని డ్రిఫ్ట్ అంటారు. స్పిరిట్‌తో తుడిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, స్టిక్ మారిస్తే నాలుగు నెలలు. ఆ తర్వాత కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి ఈ దుకాణం పెట్టిన హైమకు ఈ అతుకుల వైద్యం నచ్చలేదు. దుకాణం వెనక గదిలో ఏళ్ళ తరబడి తంటాలు పడి, ఒక పదార్థం తయారుచేసింది. చూడటానికి కాటుక బొట్టులా ఉంటుంది. స్టిక్ కింద ఒక్క బొట్టు వేస్తే గట్టిపడదు, కారిపోదు. తన మీద ఎటువైపు నుంచి ఒత్తిడి పడుతోందో కనిపెట్టి, అది మారకుండా అలాగే ఉంటే, అంతే బలంతో ఎదురు తిరిగి దాన్ని లేనట్టు చేసేస్తుంది. ఆ పదార్థానికి హైమ నేర్పింది ఒక్కటే సూత్రం. ఆడే చెయ్యి క్షణం ఊరుకోదు. కదలకుండా ఒకే పక్కకి సన్నగా తోస్తున్నదేదైనా ఉంటే అది చెయ్యి కాదు, అరుగుదల. దాన్ని తుడిచెయ్యాలి.

దాన్ని పరీక్షించింది ఆమె భర్త శేషగిరి. పగలు బ్యాంకులో గుమాస్తా, సాయంత్రం ఇంట్లో కారు రేసుల వీరుడు. చొక్కా మార్చుకోకుండానే కంట్రోలర్ పట్టుకుని, మలుపు తిరిగినప్పుడల్లా తను కూడా సోఫాలో పక్కకి ఒరిగిపోయేవాడు.

“బాబోయ్, ఇది నాకంటే బుద్ధిమంతురాలే హైమా! చెయ్యి తీస్తే చాలు, కుదురుగా కూచుంటోంది. దీనికి నిలకడ అని పేరు పెట్టు. మనింట్లో ఎవరికీ లేదు కదా, కనీసం దీనికైనా ఉంటుంది,” అన్నాడు. ఆ పేరే స్థిరపడింది.

ఆ తర్వాత అతని చేతులే ఊరుకోవడం మొదలుపెట్టాయి. ముందు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. తర్వాత చెంచా జారింది, కాలు తడబడింది, మాట ముద్దయింది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడే జబ్బు అని డాక్టరు చెప్పాడు. తెలివికి మాత్రం ఏమీ కాదని, అంతా తెలుస్తూనే ఉంటుందని చెప్పాడు. ఆ మాట ధైర్యం కోసం చెప్పాడో భయపెట్టడానికి చెప్పాడో హైమకు అర్థం కాలేదు.

మాట పూర్తిగా పోయాక మిగిలింది కుడి చేతి బొటనవేలు. హైమ పాత కంట్రోలర్ ఒకటి విప్పి, స్టిక్‌ని అతని బొటనవేలి కింద అమర్చి, మంచానికి ఎదురుగా తెర పెట్టింది. తెర మధ్యలో బాణం. ఎడమకు తోస్తే కాదు, కుడికి తోస్తే అవును. మొదట్లో అక్షరాలు కూడా ఏరుకుని మాటలు కూర్చేవాడు. తల్లి కనకరత్నం గారితో పోపులో ఇంగువ తక్కువైందని దెబ్బలాడేవాడు. ఓపిక తగ్గాక అవును, కాదు అన్న రెండే మిగిలాయి. ఇంతలో ఆ స్టిక్ కూడా అరిగి, అడగని ప్రశ్నలకు కూడా అవును అవును అనడం మొదలుపెట్టింది. శేషగిరి ఒక పూటంతా కష్టపడి ఒక్కో అక్షరం ఏరి, “నిలకడ వెయ్యి” అని రాశాడు. హైమ తన చేత్తో ఆ బొట్టు వేసింది. ఆ పూట ఆమెకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. లోకం కోసం కనిపెట్టింది తన ఇంటికే పనికొచ్చింది.

ఇక ఆ ఇంట్లో అన్నం సంగతి చెప్పాలి. కనకరత్నం గారింట్లో విస్తరి ముందు కూచున్నవాడి ‘వద్దు’కు విలువ లేదు. మొదటి వద్దు మొహమాటం, రెండోది మర్యాద, మూడోసారి కూడా వద్దంటే అప్పుడు ఆలోచిద్దాం, ముందీ ముద్ద తిను అంటారావిడ. కొడుకు మంచం పట్టాక ఆవిడకు ఉన్న పని ఒక్కటే. మెత్తగా వండిన అన్నంలో చారు పోసి, చేత్తో పిసికి, వేలి కొసతో అతని నాలుక మీద పెట్టడం. అతను కళ్ళు మూసుకుని చాలాసేపు రుచి చూసి మింగేవాడు. పొలమారితే ఆవిడ అతని నడినెత్తి మీద తడుతూ, “ఎవరో తలుచుకుంటున్నార్రా శేషూ, మీ మేనేజరై ఉంటాడు, లెక్క తప్పిందేమో,” అనేవారు.

ఆ పొలమారడమే ముప్పు తెచ్చింది. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి ఒకసారి ఆసుపత్రి పాలయ్యాడు. డాక్టరు పొట్టకు గొట్టం అమర్చాడు. ఇక ఆకలికి లోటు లేదు, రుచి కోసం నోటితో కొంచెం పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, ప్రమాదం మాత్రం ఉంటుంది, పూర్తిగా ఆపెయ్యాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి అన్నాడు.

ఇంటికొచ్చాక హైమ మంచం పక్కన కూచుని అడిగింది. “ఏవండీ, నోటితో పెట్టడం ఇక పూర్తిగా ఆపేద్దామా? మీ ఇష్టమేనండి. మీరెలా అంటే అలాగే.”

బాణం కదల్లేదు. కనకరత్నం గారు చారు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. గిన్నెలో ఆవిరి తగ్గిపోయింది. శేషగిరి నుదురు మీద చెమట పట్టింది. హైమ ఆ చెమట తుడిచింది. చివరికి బాణం మెల్లగా కుడివైపు జారింది. అవును. క్షణంలో మళ్ళీ మధ్యకి వచ్చేసింది.

అంతకు ముందు అతని అవును అలా ఉండేది కాదు. చిన్న కుదుపుతో వచ్చి, అక్కడే నిలబడేది. ఈ తేడా హైమకు కనిపించింది. కనిపించినా రెండోసారి అడగలేదు. పొలమారిన ప్రతిసారీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసి చూసి ఆమె అలసిపోయింది. ఆమెకు కావలసిన జవాబు వచ్చింది. అన్నం దగ్గర మూడుసార్లు అడిగే ఇంట్లో, అన్నం మాన్పించేటప్పుడు ఒక్కసారే అడిగారు.

“పోనీలే. నా చేత్తో పెట్టింది వాడికి అంత కష్టంగా ఉంటోందన్నమాట. నోరున్నప్పుడే చెప్పాల్సింది నాయన,” అన్నారు కనకరత్నం గారు. చారు తీసుకెళ్ళి పెరట్లో మొక్కకు పోశారు. ఆ రోజు నుంచి ఇంట్లో పోపు పెట్టడం మానేశారు, వాసన తగిలితే బిడ్డకు ఇబ్బందని. కొడుకు భోజనం వేళకు వీధి అరుగు మీద కూచుని, వచ్చే పోయే వాళ్ళను చూస్తూ ఉండేవారు. హైమతో కూడా అవసరమైనంతే మాట్లాడేవారు.

శేషగిరి జవాబులు కూడా ఆ తర్వాత తగ్గిపోయాయి. అడిగితే చాలాసార్లు బాణం కదిలేది కాదు. కదిలినా పొంతన ఉండేది కాదు. ఫ్యాన్ వెయ్యనా అంటే కాదు, వేసింది తియ్యనా అన్నా కాదు. ఆ వేలు కూడా చచ్చుబడుతోందని అందరూ అనుకున్నారు. హైమ కూడా అనుకుంది.

నిలకడ వేసిచ్చిన సత్తిరాజు గారి కంట్రోలర్‌ని హైమ వెనక గదిలో కంప్యూటర్‌కి తగిలించి పొద్దున పదకొండు దాటేదాకా దానితో కుస్తీ పట్టింది. గట్టిగా తిప్పితే లోపం కనబడలేదు. చివరికి స్టిక్‌కి కుట్టుదారం ఒకటి కట్టి, దారం రెండో కొసకి చిన్న మేకు వేలాడదీసి, బల్ల అంచు మీదుగా ఎడమ వైపుకి వదిలింది. తెర మీద గుర్తు ఎడమకు జరిగింది. నిలకడ దాన్ని పట్టుకుంది. గుర్తు అంగుళం అంగుళం వెనక్కి నడిచి మధ్యలో నిలబడిపోయింది. దారం ఇంకా లాగుతూనే ఉంది, నిలకడ ఎదురు తోస్తూనే ఉంది. హైమ కత్తెరతో దారం కోసింది.

గుర్తు కుడివైపుకి జారి, క్షణంలో మళ్ళీ మధ్యకి వచ్చింది.

ఆ జారడం ఆమె ఎక్కడ చూసిందో గుర్తు తెచ్చుకోనక్కర్లేకపోయింది. కత్తెర ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆడేవాళ్ళెవరూ అంత మెల్లగా తొయ్యరు. పొద్దున తను నవ్వుతూ అన్న మాటే. ఆడని మనిషి ఒకడు తన ఇంట్లోనే ఉన్నాడు, ఉన్న బలమంతా కూడగట్టుకుని కదలకుండా తోసే మనిషి. ఆ బలం అరుగుదల కంటే ఎక్కువేమీ కాదు.

మధ్యాహ్నం గొట్టంలో పాలలాంటి మందు తిండి పోసేది హైమే. రోజూ దుకాణం మూసి వచ్చి పోసి వెళుతుంది. ఆ రోజు కూడా వచ్చింది. అత్తగారు అప్పటికే అరుగు మీదికి వెళ్ళిపోయారు. హైమ గొట్టం తగిలించి పోయడం మొదలుపెట్టి, తెర వైపు కాకుండా అతని వేలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదో ఆమెకే తెలియదు. తెర ఉన్నప్పుడు వేలిని ఎవరు చూస్తారు?

బొటనవేలి గోరు తెల్లబడి ఉంది. గోరు చివర నెత్తురు లేదు. అంటే ఆ వేలు దేనినో నొక్కుతోంది. తెర మీద బాణం మాత్రం మధ్యలో బుద్ధిగా కూచుంది.

ఆమె పోయడం ఆపి, రెండు వేళ్ళతో అతని బొటనవేలిని స్టిక్ మీద నుంచి మెల్లగా పైకెత్తింది. బాణం కుడికి జారింది. అవును అన్న మాట తెర మీద ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఆమె అతని వేలిని మళ్ళీ కింద పెట్టింది. కళ్ళెత్తి చూస్తే శేషగిరి ఆమెనే చూస్తున్నాడు. ఎవరూ ఏమీ అడగకుండానే అతను కాదంటున్నాడు. గొట్టంలో పోసిన ప్రతి పూటా అంటూనే ఉన్నాడేమో.

హైమ అక్కడ నిలవలేక పెరట్లోకి వెళ్ళింది. డాక్టరుకు ఫోన్ చేసి, ఇప్పుడు మళ్ళీ నోటితో పెట్టవచ్చా అని అడిగింది. ఇన్ని నెలలు వాడని మింగే కండరాలు ఈ జబ్బులో తిరిగి రావమ్మా, అప్పుడైతే ఇంకొన్నాళ్ళు తినేవారు, అన్నాడాయన. నాలుక తడిపితే తప్పులేదు, అంతకు మించి వద్దు అన్నాడు.

తర్వాత బెంగళూరుకు చేసింది. అక్కడి కంపెనీ ఒకటి నిలకడను కొని, కంట్రోలర్లతో పాటు చేత్తో నడిపే చక్రాల కుర్చీల్లో కూడా వెయ్యాలని ఒప్పందం రాసి పెట్టుకుంది. ఆ పని చూసే ప్రసన్న గారు అంతా విని, “వేలల్లో ఒకరికి వచ్చే ఇబ్బంది కదా మేడమ్, చూసుకుందాం లెండి,” అన్నారు.

“ఆ ఒక్కరూ మా ఇంట్లో ఉన్నారండి. నేను సంతకం పెట్టను. ఇది ఎందుకు పనికిరాదో నేనే అందరికీ చెబుతాను,” అని పెట్టేసింది. ఆ మాట అన్నందుకు ఆమెకు తేలికగా ఏమీ అనిపించలేదు. అది సులువైన ఫోను. కష్టమైన మాట అరుగు మీద కూచుని ఉంది.

దుకాణానికి వెళ్ళి కొత్త స్టిక్ తెచ్చి, నిలకడ లేకుండా మామూలుగా బిగించింది. బిగిస్తున్నంతసేపూ ఒకే ఆలోచన. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వేలు కొంచెం కోలుకుందని అంటే అందరూ సంతోషిస్తారు. శేషగిరి అడగలేడు. అతని ‘కాదు’ను మింగేసింది తను వేసిన బొట్టే అని అత్తగారికి ఎలా తెలుస్తుంది? తను నోరు మూసుకుంటే చాలు. అతను నెలల తరబడి నోరు మూసుకుని ఉన్నాడు, తను ఉండలేదా? అలా అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది. వెళ్ళి అరుగు మీద అత్తగారి పక్కన కూచుంది.

“అత్తయ్యా, ఒకసారి లోపలికి రండి.”

“వాడికి పోసే వేళ కదమ్మా. తర్వాత వస్తాలే.”

“పొయ్యడం కాదండి. ఒక మాట అడగాలి ఆయన్ని. మీరు వినాలి.”

కనకరత్నం గారు కోడలి మొహం చూసి, ఏమీ అడక్కుండా లేచారు. గుమ్మం దగ్గరే ఆగిపోయారు, ఆ రోజు నిలబడ్డ చోటే. హైమ మంచం పక్కన నేల మీద కూచుని, అతని వేలికి తన కళ్ళు దగ్గరగా పెట్టింది.

“ఏవండీ. ఆ రోజు నోటితో తిండి ఆపేద్దామా అని అడిగాను. మీరు వద్దన్నారు కదూ?”

గోరు తెల్లబడింది. బాణం వెంట్రుకవాసి వెంట్రుకవాసి కుడికి కదిలింది. మధ్యలో ఆగింది. మళ్ళీ కదిలింది. అవును దగ్గరికి చేరి అక్కడే నిలబడింది. ఈసారి దాన్ని ఎవరూ వెనక్కి లాగలేదు.

“వాడు వద్దన్నాడా?” అన్నారు కనకరత్నం గారు. “మరి ఆ రోజు అవునని వచ్చింది కదమ్మా తెర మీద? నా కళ్ళతో చూశాను కదా!”

“అది ఆయన అన్నది కాదండి. ఆయన కాదని తోస్తుంటే నేను స్టిక్ కింద వేసిన బొట్టు దాన్ని అరుగుదల అనుకుని తుడిచేసింది. ఆయన అలిసిపోయి వేలు వదిలేస్తే అవునని చూపించింది. నేను రెండోసారి అడిగి ఉంటే తెలిసేదే. అడగలేదు. ఆయన అవునంటే బాగుండునని నాకే ఉంది అత్తయ్యా. అందుకే అడగలేదు.”

అత్తగారు తిడితే బాగుండునని హైమ ఎదురుచూసింది. ఆవిడ తిట్టలేదు. “అయితే నా చేతి ముద్ద వాడికి కష్టం కాలేదన్నమాట,” అన్నారు నెమ్మదిగా. అలా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

హైమ భర్త వైపు తిరిగింది. “నా మీద కోపంగా ఉందా అండీ?”

బాణం కుడికి వెళ్ళింది. అవును. వెళ్ళి అక్కడే ఉంది. హైమ దాన్నే చూస్తూ కూచుంది. కళ్ళనిండా నీళ్ళు వచ్చినా తెర మీద నుంచి చూపు తిప్పుకోలేదు. తను తుడిచేసిన మాటల తర్వాత అతను తన గురించి అన్న మొదటి మాట అది. దాన్నయినా పూర్తిగా వినాలి.

వంటింట్లో నూనె చిటపటలాడింది. ఆవాలు పేలాయి. ఎన్నాళ్ళ తర్వాతో ఇంగువ వాసన ఇల్లంతా పరుచుకుంది. శేషగిరి ముక్కుపుటాలు కదిలాయి.

కనకరత్నం గారు గిన్నెలో చారు తెచ్చి, మంచం మీద అతని తల దగ్గర కూచున్నారు. “మింగలేరు అత్తయ్యా, నాలుక తడపాలంతే, డాక్టరు గారు మరీమరీ చెప్పారు,” అంది హైమ. “తెలుసులేమ్మా,” అన్నారావిడ. చిటికెన వేలి కొస చారులో ముంచి, బొట్టు కింద పడకుండా ఎడం చెయ్యి అడ్డం పట్టి, అతని నాలుక చివర అద్దారు. శేషగిరి కళ్ళు మూసుకున్నాడు. వెనకటిలాగే చాలాసేపు మూసుకునే ఉన్నాడు.

“ఉప్పు సరిపోయిందా నాన్నా?”

ఇద్దరు ఆడవాళ్ళూ వంగి అతని వేలినే చూశారు. గోరు తెల్లబడింది. బాణం ఎడమకు బయల్దేరింది. ఎంత మెల్లగా వెళ్ళిందంటే, హైమ ఊపిరి బిగబట్టి రెండుసార్లు వదిలింది. కాదు అన్న మాట మీదికి చేరి ఆగింది.

కనకరత్నం గారు ఏడుస్తూనే పెద్దగా నవ్వేశారు. “వీడి నాలుక తగలెయ్యా! నాకు తెలుసు, తక్కువే అంటాడని,” అంటూ ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్ళారు.